ఎండని గోడలు

ముందు, ఆ పొద్దున అక్కడ ఎవరున్నారో, ఏమేం ఉన్నాయో రాస్తాను.

నేను. మా ఇల్లు కడుతున్న మేస్త్రీ మొయిన్ భాయ్. సగం వాడిన సిమెంటు బస్తా ఒకటి, దాని మీద ఆయన టిఫిన్ డబ్బా. అడుగున ఇంత ఇసుక తప్ప చుక్క నీళ్లు లేని డ్రమ్ములు రెండు. చుట్ట చుట్టి మూలకు పడేసిన నీళ్ల పైపు. తలుపులు, కిటికీలు ఇంకా బిగించని ఇల్లు. ఆ ఇంట్లో కొత్తగా ప్లాస్టరింగ్ అయిన గోడలు పన్నెండు.

ఈ జాబితాలో నీళ్లు లేవు. గోడలు మాత్రం తడిగా ఉన్నాయి.

నేను దయ్యాలను నమ్మను. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్ముతున్నానని చెప్పను. నేను కెమికల్ ఇంజనీరింగ్ చదివాను. చిట్యాల దగ్గర ఒక మందుల కంపెనీలో నాణ్యత పరీక్షల విభాగంలో పని చేస్తాను. డబ్బా మీద రాసి ఉన్నదీ, డబ్బా లోపల ఉన్నదీ ఒకటేనా కాదా అని తేల్చడం నా ఉద్యోగం. ఇలాంటి అనుభవాలు చదివినప్పుడల్లా అర్ధరాత్రి, కరెంటు పోవడం, కుక్క ఏడవడం కనిపిస్తాయి. నా అనుభవంలో అవేవీ లేవు. నేను చూసినదంతా మే నెల ఎండలో, పట్టపగలు చూశాను.

మాది చేనేత కుటుంబం. మా నాన్న, బాపు అంటాం మేము, గుంట మగ్గం మీద నేసేవాడు. నేలలో గుంట తవ్వి, అందులో కాళ్లు పెట్టుకుని కూర్చుని నేసే మగ్గం అది. అమ్మ చనిపోయాక, కుడి భుజం నొప్పి కూడా మొదలయ్యాక, బాపు మగ్గం విప్పేసి చిట్యాలలో మా దగ్గరికి వచ్చేశాడు. మేము కిరాయికి ఉన్న ఇంటి వెనక రేకుల కింద ఆ మగ్గం కర్రలు గోనెసంచుల్లో చుట్టి ఉండేవి. బాపు వాటి గురించి మాట్లాడేవాడు కాదు. వాన పడే ముందు మాత్రం లేచి వెళ్లి సంచులు సర్దివచ్చేవాడు.

సొంత ఇల్లు అనే మాట మా ఇంట్లో మొదట అన్నది నా భార్య స్వప్న. కొత్త జిల్లాలు వచ్చాక హైవే వెంట ప్లాట్లు అమ్మే బోర్డులు ఎక్కువయ్యాయి. ఊరి చివర చిన్న ప్లాటు ఒకటి కొన్నాం. మా వంశంలో బ్యాంకు లోన్‌తో ఇల్లు కడుతున్న మొదటివాణ్ణి నేనే. సలహా అడుగుదామంటే నాకంటే ముందు ఆ దారిన నడిచినవాళ్లెవరూ లేరు. అందుకని నాకు తెలిసిన పద్ధతిలోనే మొదలుపెట్టాను. ఎక్సెల్‌లో షీట్లు తయారు చేశాను. ఒకదాంట్లో ప్లానూ కొలతలూ, ఒకదాంట్లో సామాను, ఒకదాంట్లో కాగితాలు, ఒకదాంట్లో లోన్ వాయిదాలు. తలుపు గొళ్లాలు కూడా వదల్లేదు. స్వప్న చూసి, "మన పెండ్లికి గూడ గిన్ని లిస్టులు రాయలేదు నువ్వు," అంది.

మొదటి ప్లాన్‌లో ముందు హాలు పొడుగ్గా ఉండేది. పడమటి సగం మగ్గానికి. అది నేను అడక్కుండానే గీయించాను. బాపు చూసి వద్దన్నాడు.

"మగ్గం మీద కూసుంటే గీ భుజం ఊకుంటదా? ఆడ అడ్డంగ గోడ పెట్టి అర్ర ఎయ్యి. రేపు పిల్లలు పుడితె యాడ పండుతరు?"

అది సబబుగానే అనిపించింది. రెండు పడకగదుల ఇల్లయితే ఎప్పుడైనా అమ్మాలన్నా విలువ ఉంటుంది. హాలు మధ్యలో అడ్డగోడ ఒకటి చేర్చి ప్లాన్ మార్పించాను. ఇంటి గోడలన్నిటికీ నేను నంబర్లు ఇచ్చుకున్నాను. ఆ అడ్డగోడ ఏడో నంబరు.

బ్యాంకు లోన్ గురించి నాలాగే మొదటిసారి కట్టుకునేవాళ్లకు ఒక్క విషయం చెప్పాలి. ఆ డబ్బు మొత్తం ఒకేసారి రాదు. ముందు మన వాటా ఖర్చుపెట్టాలి. తర్వాత పునాదికి ఒక వాయిదా, స్లాబుకు ఒకటి, ప్లాస్టరింగ్‌కు ఒకటి, చివరి పనులకు ఒకటి. ప్రతిసారీ బ్యాంకు తరఫున ఒక ఇంజనీరు వచ్చి, చూసి, ఫోటోలు తీసి, రిపోర్టు రాస్తాడు. ఆయన బాగుందంటేనే వాయిదా. మొదటి వాయిదా తీసుకున్న నెల నుంచే వడ్డీ మొదలవుతుంది. అప్పటికి మనం కిరాయి ఇంట్లోనే ఉంటాం కాబట్టి కిరాయీ తప్పదు.

మా కిరాయి ఇంటి యజమాని జూలై నెలాఖరులోగా ఖాళీ చేయమన్నాడు. ఆయన కొడుకు కాపురం అక్కడికి మారుతోంది. మొయిన్ భాయ్ హైదరాబాద్ వైపు పెద్ద పని ఒప్పుకుని ఉన్నాడు. ప్లాస్టరింగ్ వాయిదా వెంటనే వస్తే చివరి పనులు ముగించి పోతానన్నాడు, లేకపోతే మనుషుల్ని కూర్చోబెట్టుకోలేనన్నాడు. అంటే ఇంజనీరు వచ్చే రోజుకు గోడలకు పగుళ్లు ఉండకూడదు. ఉంటే వాయిదా ఆగుతుంది, మేస్త్రీ వెళ్లిపోతాడు, మేము సామాను తీసుకుని ఎక్కడికి పోవాలో తెలియదు. మొత్తం ఆ ఒక్క రిపోర్టు మీద నిలబడి ఉంది.

ప్లాస్టరింగ్ అయిపోయిన వారంలోనే బోరు ఎండిపోయింది.

సిమెంటు ఎండితే గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. తడిగా ఉంటేనే గట్టిపడుతుంది. కొత్త గోడకు వారం పది రోజులు పూటపూటా నీళ్లు కొట్టాలి. దాన్నే క్యూరింగ్ అంటారు. మే నెలలో, మా నల్లగొండ ఎండలో నీళ్లు కొట్టకపోతే రెండో రోజుకే గోడ జాలీలాగా పగులుతుంది. నా ఎక్సెల్ షీట్లలో అన్నీ ఉన్నాయి, నీళ్లకు మాత్రం వరస లేదు. బోరు ఉంది కదా అనుకున్నాను.

"ఇంజనీర్ సాబ్, గొళ్లాలు రాసిండ్రు, స్క్రూలు రాసిండ్రు. నీళ్లు రాయలేదా?" అన్నాడు మొయిన్ భాయ్. నవ్వుతూనే అన్నాడు, కానీ ఆయన మొహంలో కూడా భయం ఉంది. చెడిపోతే పేరు ఆయనదే పోతుంది.

ఒక ట్యాంకరు దొరికింది. రెండోది సగం నిండి వచ్చింది. ఆ తర్వాత ఎవరికి ఫోన్ చేసినా ట్యాంకర్లన్నీ బత్తాయి తోటలకు పోతున్నాయన్నారు. చెట్లు చచ్చిపోతుంటే గోడల మీద పోయడానికి నీళ్లు ఎవరిస్తారు? నేను వాళ్లను తప్పుపట్టలేదు.

చివరి నీళ్లు కొట్టిన మర్నాడు పొద్దున వెళ్లాను. పగుళ్లు ఎంతవరకు వచ్చాయో ఫోటోలు తీసుకుందామని వెళ్లాను. అదే నేను మొదట రాసిన పొద్దున. గోడలు ముదురు బూడిద రంగులో, అప్పుడే నీళ్లు కొట్టినట్టు ఉన్నాయి. చెయ్యి పెడితే చల్లగా తగిలింది.

"నీళ్లు యాడికెళ్లి తెచ్చిండ్రు భాయ్?"

"నేను మిమ్మల్ని అడుగుదామనుకుంటున్న సార్. మీరు తెప్పించలేదా?"

ఇద్దరం డ్రమ్ముల్లోకి తొంగిచూశాం. ఆయన పైపు ఎత్తి చూశాడు. లోపల పొడిగా ఉంది, దాని నోట్లో రాత్రికి రాత్రే సాలీడు గూడు అల్లింది.

ముందురోజు తడి మిగిలి ఉంటుందని నేను సర్దిచెప్పుకున్నాను. ఆ రోజు సాయంత్రం డ్యూటీ దిగి వచ్చేటప్పుడు మళ్లీ చూశాను. తడి ఉంది. మర్నాడూ ఉంది, ఆ తర్వాతా ఉంది. అదే వరసలో, మాకు నాలుగు ప్లాట్ల అవతల కడుతున్న ఇంటికీ నీళ్లు లేవు. వాళ్ల గోడలు తెల్లగా ఎండిపోయి అప్పటికే చీలాయి. సిమెంటు అదే కంపెనీది, ఇసుక అదే వాగుది, ఎండ అదే.

కారణాలు రాసుకోవడం మొదలుపెట్టాను. గాలిలో తేమ అనుకుందామంటే ఆ నెలలో పెదవులు పగులుతున్నాయి. నేలలోంచి చెమ్మ ఎక్కుతోందనుకుందామంటే బోరే ఎండిపోయింది. పైగా చెమ్మ కింది నుంచి పైకి ఎక్కాలి. ఇక్కడ నేల దగ్గరా, తలుపు ఎత్తులోనూ తడి ఒకేలా ఉంది. తలుపు ఎత్తు దాటాక మాత్రం గోడ ఎండి, సన్నని వెంట్రుక పగుళ్లు కనిపించాయి. మనిషి చెయ్యెత్తితే అందే ఎత్తు అది.

తర్వాత వాసన తెలిసింది. కొంచెం పులిసిన వాసన. దగ్గరికి పోయి చూస్తే గోడ మీద పల్చని తెల్లటి పొర ఉంది. సిమెంటు గోడ మీద ఉప్పు తేలడం మామూలే, అదే అనుకున్నాను. కానీ ఉప్పు మచ్చలు మచ్చలుగా తేలుతుంది. ఇక్కడ గీతలున్నాయి. గోడ పొడుగునా, అడ్డంగా, ఒకే దిక్కుకు లాగిన కుంచె గీతలు. కొంత దూరానికొకసారి గీత ముదురుగా మొదలై, పోనుపోను పల్చబడుతోంది. కుంచె ముంచి మళ్లీ పెట్టినచోట అలా అవుతుంది.

నాకు అవి తెలిసిన గీతలే. తెలిసినవి కావడమే నన్ను ఇబ్బంది పెట్టింది.

మా ఇంట్లో నూలు పడుగుకు గంజి పెట్టడం తెల్లవారగానే వీధిలో జరిగేది. మగ్గం మీదికి ఎక్కించే పొడుగు దారాలను పడుగు అంటారు. దాన్ని వీధి పొడుగునా నడుమెత్తున గుంజి కట్టి, అటు ఒకరు, ఇటు ఒకరు నిలబడి, గంజిలో ముంచిన కుంచెలతో రుద్దుకుంటూ పోవాలి. ఇద్దరిదీ ఒకే నడక కావాలి. ఒకరు ముందు పోయి ఒకరు వెనకబడితే గంజి గడ్డకట్టి పోగులు అతుక్కుంటాయి. గంజి పట్టిన పోగు తొందరగా ఎండదు, తెగదు. మా ఇంట్లో ఒక దిక్కు బాపు, ఇంకో దిక్కు అమ్మ. బాపు పొడుగు, అమ్మ పొట్టి. మా పడుగు ఎప్పుడూ అమ్మ వైపుకు కొంచెం వాలి ఉండేది.

నేను టేపు తీశాను. పడమటి గోడ లోపలి వైపు ముదురు గీతలు ఎక్కడెక్కడ మొదలయ్యాయో చాక్‌పీసుతో గుర్తు పెట్టి, బయటికి పోయి అవతలి ముఖం చూశాను. ఇవతల ఎక్కడ గీత మొదలైందో అవతల కూడా సరిగ్గా అక్కడే మొదలైంది. ఒక్క తేడా ఉంది. బయటి గీతలు లోపలి గీతల కంటే జానెడు కిందుగా ఉన్నాయి. ఆ గోడ మందం తొమ్మిది అంగుళాలు. అవతలి చెయ్యి ఇవతలి మనిషికి కనిపించదు.

ఊహలతో పని లేదనుకున్నాను. మాత్రలు గట్టిగా ఉండటానికి మా కంపెనీలో పిండి పదార్థం కలుపుతారు. అది అసలైనదో కాదో చూడటానికి అయోడిన్ చుక్క వేస్తాం. గంజిలో ఉన్నది కూడా అదే పిండి. ఉంటే నీలం తిరుగుతుంది, లేకపోతే తిరగదు. స్కూలు పిల్లలకు కూడా తెలిసిన పరీక్షే. సిమెంటులోని క్షారం అయోడిన్‌ను తినేస్తుంది కాబట్టి, గీకిన పొడిని నీళ్లలో మరిగించి, కొంచెం ఆమ్లంతో సరిచేసి, అప్పుడు చుక్క వేశాను.

చిక్కటి నీలం.

అవతలి ఇంటి గోడ నుంచి తెచ్చిన పొడికి రంగు మారలేదు.

మొయిన్ భాయ్‌ని మళ్లీ అడిగాను. సిమెంటులో గంజి ఏమైనా కలిపారా అన్నాను.

"గంజా? సార్, మా ఇంట్ల గంజి ఉంటె నేను తాగుత. గోడకు తాపుతనా?" అన్నాడు. "కసమ్ సార్, నా చెయ్యి లేదు దీంట్ల," అన్నాడు. ఆయన నన్ను అనుమానిస్తున్నాడనీ, నేను ఆయన్ని అనుమానిస్తున్నాననీ ఇద్దరికీ తెలుసు.

తలుపులు లేని ఇల్లు. ఎవరైనా రావచ్చు, ఆ మాట నేను ఒప్పుకుంటాను. అందుకే ఒక సాయంత్రం గదులన్నిటిలోనూ, గోడల బయట చుట్టూరా జల్లెడ పట్టిన సన్న ఇసుక పరిచి వెళ్లాను. పిల్లి నడిచినా గుర్తు పడేంత సన్న ఇసుక. పొద్దున వచ్చేసరికి గోడలు తడిగా ఉన్నాయి. ఇసుక మీద గోడ వారగా చుక్కలు పడి గట్టిపడి ఉన్నాయి. అడుగులు లేవు. పైగా అన్ని గోడలకు పట్టించాలంటే పెద్ద గుండిగల నిండా గంజి కావాలి. దాన్ని కాచడానికి పొయ్యి, కట్టెలు, నీళ్లు కావాలి. చుట్టుపక్కల ఎక్కడా బూడిద కూడా కనపడలేదు.

స్వప్నకు చెప్పాను. "మంచిదే కదా, ఎవలో మన మీద పావురంతోని, ప్రేమతోని చేస్తున్నరు. నువ్వు ఇసుక పోసి వాళ్లను బెదరగొట్టకు," అంది. తర్వాత వంటింట్లోకి పోయి బియ్యం డబ్బా మూత తీసి చూడటం నాకు కనిపించింది.

ఆ రోజుల్లో బాపు మా దగ్గర లేడు. ఎండలకు రేకుల ఇంట్లో ఉండలేక కొల్లాపూర్‌లో అక్క దగ్గరికి పోయాడు. అక్కడ పొద్దున బస్సెక్కితే చిట్యాల చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది. ఈ విషయం నేను వాళ్లకు చెప్పలేదు. ఒకరోజు అక్కే ఫోన్ చేసింది.

"తమ్మీ, బాపుకు భుజం నొప్పి మళ్ల లేచింది. పొద్దున లేస్తె చెయ్యి లేస్తలేదు. పనేం చేసినవ్ అంటె మంచం దిగలేదంటడు. ఇంకోటి చెప్పాలె, అంగి చేతులు మోచేతుల దాంక అట్టలెక్క అయితున్నయిరా. ఉతికి ఆరేస్తె మళ్ల పొద్దటికి అట్లనే. చెమటనేమో."

చెమటే అయి ఉంటుందన్నాను. అప్పుడు నాకు అది దేనికీ ముడిపడలేదు. నా బుర్ర నిండా బ్యాంకు ఇంజనీరు రాకే ఉంది.

ఆయన నల్లగొండ నుంచి ఎర్రటి ఎండలో వచ్చాడు. నెత్తికి తువ్వాలు చుట్టుకుని, చిన్న సుత్తితో ఒక్కో గోడనూ కొట్టి చూస్తూ నడిచాడు. మొయిన్ భాయ్, నేను ఆయన వెనకే నడిచాం.

"గీ లైన్ల అన్ని ఇండ్లు చీలినయ్. మీది మంచిగుంది. నీళ్లు ఎవరు కొట్టిండ్రు?"

మొయిన్ భాయ్ నా మొహం చూశాడు.

"మావోళ్లు చూసుకున్నరు సార్," అన్నాను. ఆ మాట నా నోటికి ఎందుకొచ్చిందో నాకు తెలియదు.

హాల్లోకి వచ్చి ఆయన ఆగాడు. ఏడో నంబరు గోడ, ఆ అడ్డగోడ, కింది నుంచి పైదాకా పగిలి ఉంది. మొదట్నుంచీ అది మిగతావాటి కంటే ముందే ఎండుతోంది. గాలి తగిలే చోటు కదా అని నేను పట్టించుకోలేదు.

"ఇదొక్కటి గిట్లెందుకైంది? సరే, బరువు మోసేది కాదు కదా. మళ్ల చేయించుకోండ్రి, దీన్ని నేను రాయను," అన్నాడు. ఫోటోలు తీసుకుని వెళ్లిపోయాడు. వాయిదా వచ్చింది.

ఆ పూటే పన్నెండు గోడల నుంచీ పొడి గీకి, పన్నెండు కవర్లలో వేసి, నంబర్లు రాసి, కంపెనీకి పట్టుకుపోయాను. పదకొండు గోడల పొడి నీలం తిరిగింది. ఏడో నంబరు తిరగలేదు. రెండోసారి చేశాను, మూడోసారి చేశాను. ఏడో నంబరులో గంజి లేదు.

ఇంజనీరు వచ్చిపోయాక గోడలకు కొత్తగా తడి కనిపించలేదు. పొర మాత్రం అలాగే ఉంది. వారానికి బాపు కొల్లాపూర్ నుంచి సంచి భుజాన వేసుకుని దిగాడు. నేను ఏమీ చెప్పకుండానే ఇల్లు చూపించడానికి తీసుకుపోయాను. చెబితే ఆయన చూసేది నా మాటలతో కలిసిపోతుందని చెప్పలేదు.

బాపు గోడను బొటనవేలితో రుద్దాడు. రుద్దిన వేలు వాసన చూశాడు. పక్కున నవ్వాడు.

"గోడకు గంజి పెట్టిచ్చినవారా? ఇగ ఇస్త్రీ గూడ చేపిస్తవా?"

"నేను పెట్టియ్యలేదు బాపు."

"మరి మేస్త్రీనా?"

"ఆయన గూడ కాదు."

నవ్వు ఆపి నడిచాడు. అరచెయ్యి గోడకు ఆనించి, గీతల వెంట, గది ఆ చివరిదాకా నడిచాడు. ముదురు గీత దగ్గర ఆగి, అక్కడ చెయ్యి అలాగే ఉంచి కాసేపు నిలబడ్డాడు. తర్వాత బయటికి పోయి అవతలి ముఖం చూశాడు. నేను వెనకాలే వెళ్లాను. జానెడు కిందుగా ఉన్న ఆ గీతలను చూడటానికి ఆయన కొంచెం వంగాల్సి వచ్చింది.

"గీ దిక్కు పల్చగ పట్టింది," అన్నాడు.

గంజి పెట్టిన రోజుల్లో అమ్మతో ఆయన ఎప్పుడూ అనే మాట అది. నీ దిక్కు పల్చగ పట్టింది అనేవాడు, నీదే దొడ్డుగైంది అని అమ్మ అనేది. ఇద్దరూ పడుగు మడిచేదాకా అదే పంచాయితీ.

హాల్లో ఏడో నంబరు గోడ దగ్గరికొచ్చి రుద్దిచూశాడు.

"దీన్ని ఇడిసిపెట్టిండ్రేంది?"

"తెల్వది బాపు."

"ఇది మగ్గానికి అనుకున్న జాగా గాదు?"

అవునన్నాను. తర్వాత నేనే అడిగాను, కొల్లాపూర్‌లో ఉన్నన్ని రోజులు ఎక్కడికైనా పోయావా అని.

"నేను యాడికి పోతరా? సోమశిల దాంక పోయి కృష్ణ జూసొద్దామంటెనే మీ బావకు తీరలేదు. తిన్న, పన్న. నాకు కల గూడ రాలేదు," అన్నాడు. ఆయన నాకంటే ఎక్కువ తికమకపడుతున్నాడని గొంతులోనే తెలిసింది.

అక్క కూడా తర్వాత ఒట్టేసి చెప్పింది. బాపు ఇల్లు దాటలేదు. వాళ్లది మగ్గాల ఇల్లు కాదు, బావకు సెల్‌ఫోన్ల రిపేరు షాపు ఉంది. అన్నం కుక్కర్లో వండుతారు, గంజి వార్చరు. బట్టలకు గంజి పెట్టడం బాపుకే ఇష్టం ఉండదు, మెడ కోసుకుపోతుందంటాడు.

ఇంటికొచ్చాక స్వప్న బాపు సంచిలోని బట్టలు నానబెట్టబోతోంది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, అక్క ఫోన్‌లో అన్న మాట. ఉతకని అంగి ఒకటి తీసుకుని చెయ్యి పట్టి చూశాను. మోచేతి దాకా అట్టలాగే ఉంది. కత్తెర తెచ్చి మణికట్టు దగ్గర చిన్న ముక్క కత్తిరించాను.

"మంచిగున్న అంగిని పాడుచేస్తవేందిరా! నా అంగి మీద గూడ రిపోర్టు రాస్తవా?" అన్నాడు బాపు. అరిచాడు గానీ, అంగి నా చేతిలోంచి లాక్కోలేదు. ముక్కను కవర్లో వేసేదాకా అక్కడే నిలబడి చూశాడు.

మిగతాది తొందరగా జరిగిపోయింది. వానలు పడ్డాయి, నీళ్లకు కొదవ లేదు. మొయిన్ భాయ్ అడ్డగోడకు ప్లాస్టరింగ్ మళ్లీ చేశాడు. రోజూ ఆయనే నిలబడి నీళ్లు కొట్టించాడు. అయినా పగిలింది. ఇంకోసారి చేశాడు, ఇంకోసారి పగిలింది.

"సార్, దీనికి ఇక్కడ ఉండబుద్ధి అయితలేదు," అన్నాడు.

"తీసెయ్యిండ్రి ఇగ. హాలన్న పెద్దగుంటది," అంది స్వప్న.

తీసేశాం. ఆ సగానికి టైల్స్ వేయలేదు. కిరాయి ఇల్లు ఖాళీ చేయాల్సిన గడువులోపలే సామాను కొత్తింట్లోకి చేర్చాం. లారీలోంచి మొదట దించింది గోనెసంచుల్లో చుట్టిన మగ్గం కర్రలు. గుంట తవ్వుతుంటే బాపు పక్కన నిలబడి లోతు చెప్పాడు. ఇప్పుడు పొద్దున పూట కాసేపు, భుజం ఒప్పినంతసేపు, తువ్వాళ్లు నేస్తాడు.

నేను చేయగలిగినవన్నీ చేశాను. గోడ మీద గంజి పొర తడిని బయటికి పోనివ్వదు, అందుకే పగలలేదు, అంతవరకు నాకు అర్థమవుతుంది. అది ఎవరు పట్టించారు, ఎలా పట్టించారు అన్నదగ్గర నా చదువు ఆగిపోతుంది. మొయిన్ భాయ్ కాదు. బాపు కాదు, ఆయన కొల్లాపూర్‌లో ఉన్నాడు. తెలిసినవాళ్లలో గోడ రెండు వైపులా ఒకే నడకతో గంజి పట్టించగలిగిన జంట ఒక్కటే ఉండేది. వాళ్లలో ఒకరు లేరు, ఒకరు అక్కడ లేరు. దీనికి నేను దయ్యం అని పేరు పెట్టలేను. బతికి ఉన్న మనిషికి ఆ పేరు ఎలా పెడతాం? వేరే పేరు కూడా నాకు దొరకలేదు. ఎప్పుడైనా బాపు మగ్గం మీదుండగా అడుగుదామనుకుంటాను. ఆయన మొహం చూసి ఊరుకుంటాను, ఆయనకూ తెలియదని తెలుస్తూనే ఉంటుంది.

కవర్లు ఇంకా నా బీరువాలో ఉన్నాయి. గోడలవి పన్నెండు, అంగి ముక్క ఒకటి. అంగి ముక్కకు కూడా అదే పద్ధతిలో, అదే అయోడిన్‌తో పరీక్ష చేశాను. కొన్నాళ్లాగి ఇంకోసారి చేశాను, ఫలితం మారలేదు.

మొత్తం నమూనాలు పదమూడు. నీలం తిరిగినవి పన్నెండు.